లాకు గట్టున చప్పుడులేని బడి

పోయిన వారం రాజమండ్రిలో మా మనవరాలి బడికి వెళ్ళాను. ముచ్చటపడి వెళ్ళలేదు, మా అబ్బాయి పంపితే వెళ్ళాను. "నాన్నగారూ, మీరొకసారి చూసి రండి. బళ్ళో వేసి ఇన్ని నెలలైంది, సుభద్ర ఇంట్లో ఒక్క ముక్క చదవదు, ఒక్క అక్షరం రాయదు. ఏం చేశావే అంటే నీళ్ళు పోశానంటుంది. మీరు బాగాలేదంటే రేపే మాన్పించి వేరే బళ్ళో పడేస్తాను" అన్నాడు. ఆ పడేస్తానన్న మాట నా చెవిలో ముల్లులా ఉండిపోయింది. చేతికర్ర తీసుకుని బయలుదేరాను. మా కాలంవాళ్ళం బడిని చెవితో వెతుక్కుంటాం. వీధి మొదట్లో ఉండగానే పిల్లల అరుపులు వినపడాలి, అటు నడిచిపోవాలి. ఇక్కడ అరుపూ లేదు, కేకా లేదు. ఆ ఇల్లు దాటిపోయి, మళ్ళీ వెనక్కొచ్చి, అరుగెక్కి నిలబడితే అప్పుడు వినపడింది, ఒక చెంబులోంచి ఇంకో చెంబులోకి ఎవరో నీళ్ళు పోస్తున్న చప్పుడు. సన్నగా మొదలై, చెంబు నిండేకొద్దీ గొంతు మారి, అంచుదాకా వచ్చి ఆగిపోయింది. ఒక్క చుక్క కింద పడలేదు. అరవై ఏళ్ళ కిందట మా లాకు గట్టు మీద విన్న చప్పుడది.

లోపల చాపల మీద ఎవరి పనిలో వాళ్ళున్నారు పిల్లలు. ఒకడు పూసలు గుచ్చుతున్నాడు, ఇద్దరు కలిసి నేల మీద పెద్ద పటమేదో పరుచుకున్నారు. మా సుభద్ర నన్ను చూసి నవ్వి మళ్ళీ చెంబులోకి తలవంచింది. అక్కడి పంతులమ్మ చిన్నపిల్ల, పాపం, ఎంతో మర్యాదగా చెప్పింది. ఇది మాంటిసోరీ బడటండి. ఆరేళ్ళవాళ్ళూ తొమ్మిదేళ్ళవాళ్ళూ ఒకే గదిలో ఉంటారట, ఎవరి పని వాళ్ళే ఎంచుకుంటారట, పెద్దవాళ్ళని చూసి చిన్నవాళ్ళు నేర్చుకుంటారట, పనిలో మునిగినవాణ్ణి ఎవరూ మధ్యలో లేపరట. సముద్రాలవతల పుట్టిన పద్ధతి, మనవాళ్ళకి కొత్తండి అంది. "నాకు కొత్తేం కాదమ్మా, నేను చదువుకున్నది ఇలాంటి బళ్ళోనే" అన్నాను. ముసలివాళ్ళ మాటలకి నవ్వే నవ్వొకటి ఉంటుంది చూశారా, అది నవ్వి ఊరుకుంది. ఆ పిల్లని తప్పుపట్టను. మాకు చదువు చెప్పిన రూతమ్మగారిని చూసినవాళ్ళలో నేను కాక ఇంకెవరు మిగిలారని? అందుకే ఇది రాస్తున్నాను.

మా నాన్న కాలువ లాకు మీద లస్కరు. పాలకొల్లుకి ఎగువన ఉండేది మా లాకు. బస్సులొచ్చాక పుట్టినవాళ్ళ కోసం చెబుతున్నాను, లాకంటే ఎగువ నీటికీ దిగువ నీటికీ మధ్య కట్టిన రాతి గది. అటో జత తలుపులు, ఇటో జత తలుపులు. పడవని లోపలికి రానిచ్చి, వెనక తలుపులు మూసి, నీరు తగ్గించి, ముందు తలుపులు తీస్తే మెట్టు దిగినట్టు పడవ కిందికి దిగిపోతుంది. ఆ తలుపులు తిప్పడం, "ఏ పడవ?" అని కేకేసి పేరడగడం, పేరు లేని పడవని ఆపేయడం మా నాన్న పని. నాన్నకి చదువు లేదు, పడవలన్నీ చూపుమీద గుర్తు. ఇకమీదట చదువొచ్చినవాళ్ళకే లాకుల మీద పనులిస్తారని ఎవరో అన్నప్పటినుంచీ ఆయనకి నిద్ర లేదు. నన్ను తీసుకెళ్ళి పాలకొల్లులో మా మేనమామ ఇంట్లో దింపాడు. మావయ్య బియ్యం కొట్లో గుమాస్తా, మంచివాడే, నేనంటే ప్రాణం కూడాను. కాకపోతే దెబ్బ పడందే చదువు రాదని నమ్మినవాడు. దండం దశగుణం భవేత్ అని రోజుకోసారైనా అనేవాడు.

అక్కడి వీధిబడి పంతులు ఆ దశగుణాల్నీ మా వీపుల మీదే చూపించాడు. పొద్దుటినుంచీ పిల్లలందరం ఒక్క గొంతుతో అరవాలి. అరుపు ఊరి చివరిదాకా వినపడితే బడి బాగా సాగుతోందని ఊళ్ళో వాళ్ళు మురిసిపోయేవాళ్ళు. నేను గొంతు కలపడంలో ఎప్పుడూ ఒక్క మాట వెనకపడేవాణ్ణి. దానికి శిక్ష కోదండం. దూలానికి తాడు కట్టి, రెండు చేతులూ కలిపి కట్టి, కాళ్ళు నేలకి అందకుండా వేలాడదీయడం. ఎన్నిసార్లు వేలాడానో చెప్పను గానీ, కొన్నాళ్ళకి పలక చూస్తేనే నా కుడిచెయ్యి దానంతటది వణికేది. పట్టుకుందామన్నా ఆగేది కాదు. చదవేస్తే ఉన్న మతి పోయిందన్న సామెత నాకోసమే పుట్టిందని అందరూ నవ్వేవాళ్ళు. చివరికి జ్వరంతో ఇంటికి చేరాను. మా అమ్మ నా మణికట్ల మీద తాడు గుర్తులు చూసి, వీణ్ణి మళ్ళీ పంపితే నేను కాలవలో దూకుతానంది.

జ్వరం తగ్గాక మావయ్య నన్ను తీసుకెళ్ళడానికి వచ్చాడు. అమ్మ తలుపు చాటున ఏడుపు. ఆఖరికి ఒక ఒప్పందానికి వచ్చారు. వేసవిలో కాలువ కట్టేస్తారు కదా, మళ్ళీ నీళ్ళు వదిలే రోజుదాకా నేను లాకు దగ్గర రూతమ్మగారి బళ్ళో ఉండాలి. ఆ రోజుకి నా పేరు నేను రాయగలిగితే సరే, లేకపోతే మొదటి పడవలో పాలకొల్లు. "మొక్కై వంగనిది మానై వంగదు బావా, ఇంకా ఆలస్యం చేస్తే వీడు ఎందుకూ కొరగాడు" అని చెప్పి మావయ్య వెళ్ళిపోయాడు. కాలువకి నీళ్ళొస్తే ఊరంతా పండగ చేసుకుంటుంది. ఆ ఏడు మాత్రం నీళ్ళు రాకూడదని మొక్కుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే అయుంటాను.

రూతమ్మగారు రాజమండ్రి వైపునుంచి వచ్చిన క్రైస్తవురాలు. భర్త మిషను బళ్ళో పంతులుగా చేస్తూ పోయాడు, పిల్లల్లేరు. బక్కపలచని మనిషి, నడక మాత్రం గబగబా. కోపం వస్తే అందరికీ గొంతు పెరుగుతుంది, ఆవిడకి తగ్గేది. ఆవిడ గొంతు బాగా తగ్గిందంటే మేం జాగ్రత్తపడేవాళ్ళం. లాకు గట్టు మీద తాటాకు పాకలో బడి. అక్కడికి వచ్చేవాళ్ళు ఎక్కువమంది పడవలవాళ్ళ పిల్లలు. వాళ్ళ బతుకు నీళ్ళమీద. పడవ లాకు దగ్గర ఆగితే బడి, లాకు దాటితే లేదు. ఇవాళ వచ్చినవాడు మళ్ళీ ఎన్నాళ్ళకి వస్తాడో తెలియదు. అలాంటివాళ్ళని వరసగా కూచోబెట్టి అందరికీ ఒకే పాఠం చెప్పడం ఎలా కుదురుతుంది? అందుకని ఆవిడ ఒక్కో పిల్లకీ ఒక్కో తాటాకు బుట్ట అల్లించింది. ఎవరి పని వాళ్ళ బుట్టలో. పడవ కదిలితే పని సగంలో ఉన్నా సరే, బుట్టలో పెట్టి దూలానికి తగిలించి వెళ్ళిపోవాలి. మళ్ళీ వచ్చినప్పుడు దించుకుని, వదిలినచోటినుంచి మొదలెట్టాలి. ఎందుకు రాలేదని ఎవర్నీ అడిగేది కాదు. నేను మొదటిరోజు గుమ్మంలో నిలబడి తలెత్తి చూశాను. పాలకొల్లులో దూలానికి పిల్లలు వేలాడేవాళ్ళు, ఇక్కడ బుట్టలు వేలాడుతున్నాయి. అప్పటికప్పుడు నాకు ఊపిరి కాస్త కిందికి దిగింది.

నాకు ఓనమాలు వచ్చా రావా అని ఆవిడ అడగలేదు. చేతులు కడుక్కోమని, చుట్టూ చూసి నచ్చిన పని తీసుకోమంది. అంతవరకూ నన్ను ఎవరైనా నచ్చిందేమిటని అడిగితే కదా. అప్పుడు మంగ అనే పిల్ల నా చెయ్యి పట్టుకుని మూలకి తీసుకెళ్ళింది. మంగ నాకంటే రెండేళ్ళు పెద్దది, గంగాభవాని అనే పడవ నడిపే సరంగు కూతురు. కాలువ కట్టేసేసరికి వాళ్ళ పడవ మా లాకు ఎగువనే బురదలో కూరుకుపోయింది, వేసవంతా ఇక్కడే. ఆ మూలలో గిద్ద, సోల, తవ్వ, మానిక, కొలపాత్రలన్నీ చిన్నదాన్నుంచి పెద్దదాకా వరసగా ఉన్నాయి, పక్కన నీళ్ళ కుండ. గిద్దతో సోల నింపాలి, సోలతో తవ్వ నింపాలి, తవ్వతో మానిక. నేను గిద్దతో పోసి పోసి, లెక్క తప్పి ఇంకోటి పోస్తే సోల పొర్లి నా కాళ్ళు తడిశాయి. దెబ్బ పడుతుందని వీపు బిగబట్టుకుని కూచున్నాను. రూతమ్మగారు ఒక గుడ్డ నా పక్కన పెట్టి వెళ్ళిపోయింది. తుడుచుకుని మళ్ళీ పోశాను. ఈసారి అంచుదాకా వచ్చి ఆగింది. సరిగ్గా ఉందాండీ అని అడిగాను. "నన్నడక్కు నాయనా, సోలనడుగు" అంది. ఆ పని నేను ఎన్నాళ్ళు చేశానో. చింతగింజలతో చేశాను, ఇసకతో చేశాను, చేసిన కొద్దీ ఇంకా చేయాలనిపించేది. చాలించమని ఎవరూ అనలేదు. పోసేటప్పుడు నా చెయ్యి వణకడంలేదని నేను గమనించలేదు, మంగ చెబితే తెలిసింది.

ఇంట్లో వాళ్ళకి మాత్రం గుండెల్లో రాయి పడింది. బడి మా ఇంటికి కూతవేటు దూరం. నాన్న లాకు మీద పని చేసుకుంటూ ఒక చెవి ఇటే వేసుకునేవాడు. చప్పుడు లేదు. అ ఆల అరుపు లేదు, ఎక్కాల పాట లేదు. అరుపు లేని బడిని ఆయన పుట్టి బుద్ధెరిగి ఎరగడు. ఒక మధ్యాహ్నం పాక దగ్గరికొచ్చి తడికలోంచి తొంగి చూశాడు, పిల్లలందరూ పడుకుండిపోయారేమోనని. ఆ పూట భోజనం దగ్గర అమ్మతో అన్నాడు, అక్కడ చదువు లేదే, నీళ్ళు పోయిస్తోంది, ఆ మాత్రం నీళ్ళు మనింట్లో లేవా అని. అమ్మకి కూడా భయం పట్టుకుంది. మర్నాడు నాన్న వెళ్ళి ఆవిడతో కాస్త గట్టిగా అరిపించండమ్మగారండీ, వాళ్ళ మావయ్యకి ఏం చెప్పుకోమంటారు అని బతిమాలాడు. ఆవిడ గొంతు తగ్గించింది. "వాడు చాలా అరిచొచ్చాడండి. కొన్నాళ్ళు విననివ్వండి" అంది. నాన్నకి అర్థమైందో లేదో, తల గోక్కుంటూ వెనక్కి వెళ్ళాడు.

అయితే చదువంటే ఆవిడ దృష్టిలో నీళ్ళు పోయడమొక్కటే కాదు. ఒక రోజు అందర్నీ గట్టు మీద కూచోబెట్టి గోదావరి కథ చెప్పింది. ఎక్కడో పడమటి కొండల్లో దూడ అడుగంత గుంటలో పుట్టిందని, దారిపొడుగునా ఏళ్ళనీ వాగులనీ కలుపుకుందని, పాపికొండల మధ్య ఒళ్ళు దగ్గరపెట్టుకుని, పట్టిసీమ దగ్గర ఒళ్ళు విరుచుకుని, ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర ఆగి మన కాలువల్లోకి తిరిగిందని. మనం తినే అన్నం ఏ కొండ మీది మట్టిలో పండిందో ఆలోచించమంది. అంతే చెప్పింది. మిగతాది మాకు వదిలేసింది. ఇక చూడండి. పెద్దపిల్లలు నలుగురు చేరి ఎండిన కాలువ బురద తెచ్చి పాక వెనక గోదావరి కట్టారు. చిన్నవాళ్ళం నీళ్ళు మోశాం. ఒకచోట కాలువ ఎగువనుంచి దిగువకి దూకి గట్టు తెగింది. లాకెందుకు కట్టారో మాకెవరూ చెప్పక్కర్లేకుండా తెలిసింది. కానీ లాకు తలుపులు తిన్నగా కాకుండా ఎగువకి మొన చేసి ఎందుకు మూస్తారు? రూతమ్మగారిని అడిగితే, నాకు తెలీదు, తెలిసినవాళ్ళని అడిగి రండి అని పంపింది.

తెలిసినవాడు ఎవరు? మా నాన్నే. పిల్లలందరం వెళ్ళి ఆయన చుట్టూ నిలబడ్డాం. ఆయన్ని అంతవరకూ ఎవరూ ఏదీ అడిగి ఎరగరు. మొదట సిగ్గుపడ్డాడు, తర్వాత మొదలెట్టాడు. రెండు అరచేతులూ మొనగా కలిపి, నీటి బరువు నెట్టినకొద్దీ తలుపులు ఒకదాన్నొకటి ఎలా బిగించుకుంటాయో మా చేతులు నొక్కి నొక్కి చూపించాడు. అన్నానికి పిలుస్తున్నా వెళ్ళలేదు. సాయంత్రం ఇంటికొచ్చాక అమ్మతో, ఆ పిల్లలు మహా తెలివైనవాళ్ళే, ఎంతెంత ప్రశ్నలు వేశారనుకున్నావు అన్నాడు. నన్ను కూడా కలిపి అన్నాడని నేను కంచం ముందు కూచుని మురిసిపోయాను. ఆ తర్వాత ఆయన తడికలోంచి తొంగి చూడ్డం మానేశాడు.

అక్షరాలు నా దగ్గరికి వచ్చిన తీరు వేరు. పాకలో గోడ వారగా టేకు చెక్కలుండేవి. లాకు పాత తలుపులు మార్చినప్పుడు మిగిలిన ముక్కలవి. వడ్రంగి చేత వాటి మీద ఒక్కో అక్షరం వేలు పట్టేంత లోతున చెక్కించింది రూతమ్మగారు. దీర్ఘాలూ గుడులూ కొమ్ములూ విడిగా చిన్న చిన్న ముక్కలు. పలకా లేదు, బలపమూ లేదు కాబట్టి నాకు భయమూ లేదు. మంగ ఎప్పుడూ తన పడవ పేరే పేర్చేది. గం, గా, భ, వా, ని. గాడిలో వేలు పెట్టి నడిపిస్తూ ఆ శబ్దం మెల్లిగా పలికేది. దాని తర్వాత నేను నడిపేవాణ్ణి. కొన్నాళ్ళకి కళ్ళు మూసుకుని ఏ చెక్కో చెప్పుకునే ఆట మొదలెట్టాం. పడవలు తిరగేసి, సందుల్లో నార కుక్కి, తారు పూస్తున్న రోజులవి. ఇప్పటికీ ఎక్కడ తారు వాసనొచ్చినా నా చూపుడు వేలి కొన గుర్తుపడుతుంది.

ఎండలు ముదిరి, ఈదురుగాలులు మొదలయ్యాయి. ఆనకట్ట దగ్గర కొత్తనీటితో ఏరు ఎర్రబడిందని పైనుంచి వచ్చినవాళ్ళు చెప్పారు. నాకు అన్నం సహించడం మానేసింది. ఒకరోజు అందరూ వెళ్ళాక ఆవిడ దగ్గర నిలబడి ఏడ్చేశాను. "అమ్మగారూ, నాకు రాయడం నేర్పండి. నీళ్ళొస్తే నన్ను తీసుకుపోతారు" అన్నాను. ఆవిడ నా చెయ్యి తీసుకుని అరచేయి తిప్పి చూసింది. "నీ చెయ్యి నేర్చుకుంటోంది నాయనా. నువ్వు మధ్యలో అడ్డు రాకు" అంది. అదేం ఓదార్పు? నాకు ఒళ్ళు మండింది. ఆవిడ మీద కోపంతో తలెత్తి దూలం వైపు చూశాను. చివర్న ఒక బుట్ట దుమ్ము కొట్టుకుపోయి ఉంది. అది ఎవరిదని అడిగాను. కొబ్బరికాయల పడవలో వచ్చే ఒక పిల్లవాడిదట, వాడు వెళ్ళి చాలా కాలమైందట. ఇంకా ఎందుకుంచారంటే, వాడి పని సగంలో ఉంది కదా అంది, ఇంతోటిదానికి ప్రశ్నేమిటన్నట్టు.

చెప్పిన రోజుకంటే ముందే నీళ్ళొచ్చాయి. ఏరు ఎర్రబడ్డ కబురు విని అంతకి రెండు రోజుల ముందే మావయ్య వచ్చి కూచున్నాడు, మొదటి పడవ తప్పిపోకూడదని. ఆ పొద్దున్న నన్నూ నాన్ననీ వెంటపెట్టుకుని పాకకి వెళ్ళి, కొత్త పలక నా ఒళ్ళో పెట్టి, పేరు రాయమన్నాడు. పలక చల్లగా తగలగానే నా చెయ్యి వణకడం మొదలెట్టింది. ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయిందో ఆ వణుకు, అదే, ఏమీ మారలేదు. బలపం గీసిన గీత పలక అంచుదాకా పోయి కింద పడింది. మంగ లేదు, వాళ్ళ పడవ తేలుతోందని పొద్దున్నే వెళ్ళిపోయింది. నాన్న తల వంచుకున్నాడు. ఇదేనామ్మా మీరు చెప్పిన చదువు అన్నాడు మావయ్య, కోపంగా కాదు, జాలిగా. రూతమ్మగారు నాకోసం బతిమాలలేదు. "వాడి పని ఇంకా కాలేదండి" అని మాత్రం అంది. నేను లేచి నా బుట్టలో చెక్కలు సర్ది దూలానికి తగిలించాను. ఏడుపు కూడా రాలేదు.

మొదటి పడవ గంగాభవానే. ఎర్రనీళ్ళు సుడులు తిరుగుతూ వచ్చి పడవని బురదలోంచి లేపేశాయి. మంగ ముందు నిలబడి, గడ నేలకి అదిమి, పడవ కొట్టుకుపోకుండా పట్టుకుంది. వాళ్ళ నాన్న వెనక తాళ్ళతో పెనుగులాడుతున్నాడు. మావయ్య ఇస్త్రీ పంచె మోకాళ్ళపైకి పట్టుకుని ఎక్కి కూచున్నాడు. నేను మూట చంకన పెట్టుకుని గట్టు మీద నిలబడ్డాను. తీరా చూస్తే పడవకి పేరు లేదు. తారు పూసినప్పుడు పాత పేరు కప్పబడిపోయింది, నీళ్ళు రావడానికి ఇంకా వ్యవధి ఉంది కదా, రూతమ్మగారు తర్వాత రాస్తారులే అనుకున్నారు. తెల్లరంగు ముంతా కుంచే సిద్ధంగానే ఉన్నాయి. పేరు లేని పడవని బావమరిది ఎక్కాడని మా నాన్న వదలడు. మీరు రాయండి బాబూ అని సరంగు మావయ్యని అడిగితే, ఈ పంచెకి తారంటితే పోతుందా, వెళ్ళి ఆవిణ్ణి పిలుచుకురండి అన్నాడాయన. మంగ గడ మీదనుంచి చెయ్యి తీయకుండా నా వైపు చూసింది. "సూరీ, నువ్వు రాయరా. చేతులు ఖాళీగానే ఉన్నాయిగా" అంది.

మూట కింద పెట్టాను. మోకాళ్ళలోతు నీళ్ళలోకి దిగి, కుంచె ముంచి, నల్లటి చెక్క మీద పెట్టాను. ఎవరో గాడి చెక్కి ఉంచినట్టు చెయ్యి దానంతటది తిరిగింది. గం. గా. నీళ్ళు పడవని ఊపుతుంటే దాంతోపాటు నేనూ ఊగుతూ రాశాను. భ. వా. ని. రాస్తున్నానని నాకు తెలియదు, పడవ వెళ్ళిపోవాలి, పేరు కావాలి, అంతే తెలుసు. వెనక్కి జరిగి చూసేసరికి ఆ తెల్లటి గీతలు నాతో మాట్లాడాయి. లాకు మీదనుంచి నాన్న అలవాటు చొప్పున కేకేశాడు, ఏ పడవ అని. ఎప్పుడూ సరంగు చెబుతాడు. ఆ రోజు నేను చెప్పాను. గంగాభవాని అని, చదివి చెప్పాను.

ఇక నన్ను పట్టేవాళ్ళు లేరు. ముంత పట్టుకుని లాకు రాతిగోడ దగ్గరికి పరిగెత్తాను. సూరయ్య అని నా పేరు రాశాను. నాన్న పేరు రాశాను, అమ్మ పేరు రాశాను, మంగ పేరు రాశాను, మావయ్య పేరూ రాశాను. ఏ పేరు తలుచుకుంటే ఆ పేరు చేతిలోకి వచ్చింది. మావయ్య పంచె సంగతి మరిచిపోయి పడవ దిగొచ్చాడు. గోడ మీద తన పేరు చూసుకుని, రంగు ఆరకముందే వేలితో తాకి చూశాడు. "పొద్దున్న రాయమంటే వణికిపోయావు కదరా, ఇప్పుడెలా వచ్చింది?" అన్నాడు. "పొద్దున్న మీరు రాయమన్నారు మావయ్యా. ఇప్పుడు రాయాల్సొచ్చింది" అన్నాను. ఆయన నా మూట తీసి నాన్న చేతికిచ్చాడు. ఉండనీ బావా, ఆవిడ దగ్గరే ఉండనీ అని, తనొక్కడే మళ్ళీ పడవెక్కాడు. నన్ను తీసుకుపోవాల్సిన పడవకి నేనే పేరు రాసి పంపించాను. అది తలుపులు దాటి వంపు తిరిగేదాకా చూసి, అప్పుడు అమ్మయ్య అనుకుని కూలబడి ఏడ్చాను. అంత హాయిగా మళ్ళీ ఎన్నడూ ఏడవలేదు.

తర్వాత బడికి పరిగెత్తాను. రూతమ్మగారు పాక ఊడుస్తోంది. జరిగిందంతా ఒక్క గుక్కలో చెప్పాను. శభాషంటుందనుకున్నాను. రంగు కళ్ళల్లో పడుతుంది, ముందు చేతులు కడుక్కో అంది. కడుక్కునొచ్చి అడిగాను, నేను రాయలేకపోయుంటే, పాలకొల్లు వెళ్ళిపోయుంటే ఏం చేసేవారని. ఆవిడ చీపురు ఆపి పైకి చూసింది. "నీ బుట్ట అక్కడే ఉండేది నాయనా" అంది. ఆ దుమ్ము పట్టిన బుట్ట గురించి కూడా చెప్పాలి కదూ. రెండేళ్ళ తర్వాత కాబోలు, నూనూగు మీసాలతో ఒకడు గుమ్మంలోంచి వంగి లోపలికొచ్చాడు. ఎవరినీ పలకరించకుండా చివరి బుట్ట దించి, దుమ్ము దులిపి, మా మధ్య కాళ్ళు ముడుచుకుని కూచున్నాడు. ఆవిడ వాడి పక్కనో గుడ్డ పెట్టి వెళ్ళిపోయింది.

నేను నాన్న తర్వాత లాకు మీదే పనిచేశాను, పైకొచ్చాను, పిల్లల్ని చదివించాను. రూతమ్మగారు పెద్దతనాన రాజమండ్రి వెళ్ళిపోయి అక్కడే కన్నుమూసింది. వెళ్ళేటప్పుడు కూడా బుట్టలు తీయనివ్వలేదు. మంగని ఆ తర్వాత కూడా చాలాసార్లు లాకు దాటించాను.

మనవరాలి బడినుంచి ఇంటికొచ్చేసరికి మా అబ్బాయి వీధరుగు మీదే ఉన్నాడు. ఏంటి నాన్నగారూ, ఏమైనా నేర్పుతున్నారా, లేక మాన్పించెయ్యమంటారా అన్నాడు. దాని పని సగంలో ఉందిరా, బుట్ట దించకు అన్నాను. వాడికి ఒక్క ముక్క అర్థం కాలేదు. కూచోబెట్టి ఇదంతా చెప్పాను. సరే, అక్కడే ఉండనిద్దాం అన్నాడు. లోపల సుభద్ర చెంబులోంచి చెంబులోకి నీళ్ళు పోసుకుంటూ కూచుంది. చప్పుడు అంచుదాకా వచ్చి ఆగింది. డెబ్బై ఏళ్ళొస్తే చెయ్యి వణకడం సహజమంటారు, నా ఈడువాళ్ళు కాఫీగ్లాసు రెండు చేతులతో పట్టుకుంటున్నారు. నాకు మాత్రం ఆ వణుకు పడవ మీద పేరు రాసిన నాడే పోయింది, మళ్ళీ రాలేదు. ఇదంతా నేను నా చేత్తోనే రాశాను.